పదిహేడో కిలోమీటరు

బూటు లోపల వేళ్లు ఒక్కొక్కటే కదిలించి చూసుకుంటున్నాను. బొటనవేలు బాగానే ఉంది. దాని పక్కదీ బాగానే ఉంది. మూడోది కదిపితే పాదం మీద, సరిగ్గా బర్రె కాలు పడిన చోట, లోపలి నుంచి ఎవరో గోటితో నొక్కినట్టయింది. నొక్కినట్టే, నొప్పి కాదు. నొప్పి అనే మాట ఇవాళ అనకూడదని ఇంట్లో బయల్దేరేటప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. దబీర్‌పురా దర్వాజా దాటేదాకా అనలేదు. మీరాలం మండీ దగ్గర ఊడిన రాయి మీద కాలు పడి కళ్లలో నీళ్లు తిరిగినప్పుడు కూడా చలిగాలి అనుకున్నాను. చార్మినార్ గడియారంలో ఐదూ నలభై. పరుగు ఆరున్నరకు. పావురాలు ఇంకా లేవలేదు, గాజుల దుకాణాల తలుపులు మూసే ఉన్నాయి, ఇరానీ హోటల్ ఒక్కటే సగం షట్టరెత్తి పొయ్యి రాజేసుకుంటోంది, వీధిలైట్ల కింద నూటయాభై మంది మగవాళ్లు నిక్కర్లు వేసుకుని, చంకల్లో చేతులు పెట్టుకుని, చలికి ఎగురుతున్నారు. నేను ఎగరడం లేదు. ఎగిరితే తెలిసిపోతుంది. చద్దరు కప్పుకుని ఈ అరుగు మీద కూర్చున్నాను. చూసేవాళ్లు తెలివిగలవాడు, బలం దాచుకుంటున్నాడు అనుకోవాలి.

ఏటా జనవరిలో ఒక ఆదివారం ఊళ్లోని ఆఫీసుల వాళ్లకని పెట్టే పందెం ఇది. ఇక్కడి నుంచి నయాపూల్, ఆబిడ్స్, ట్యాంక్‌బండ్ మీదుగా రాణీగంజ్ దాకా పోవాలి, అక్కడ రోడ్డు మధ్య పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరిగి మళ్లీ చార్మినార్‌కే రావాలి. ఇరవై ఒక్క కిలోమీటర్లు. మా ప్రెస్సు తరఫున ముగ్గురం: ఫోర్‌మన్ రామ్‌చందర్ కాకా, మిషను మీద పనిచేసే గుండయ్య, బైండింగులో నేను. ముగ్గురూ గీత దాటితేనే టీము లెక్కలోకి వస్తుంది. ఒక్కడు కూర్చుంటే మిగతా ఇద్దరూ ఉరికింది ఉరికినట్టే కాదు. పోయినేడు, ఎనభై మూడులో, ఆ కూర్చున్న ఒక్కడిని నేనే. తిరుగు దారిలో, పదిహేడో కిలోమీటరు దగ్గర, ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద, పిక్క పట్టేసి కూలబడ్డాను. మర్నాడు సెక్షన్‌లోకి అడుగు పెట్టగానే గుండయ్య "రావయ్యా, సత్రా భాయ్" అన్నాడు. సత్రా అంటే పదిహేడు. అంతే, బంక పూసి అతికించినట్టు అతుక్కుపోయింది పేరు. క్యాంటీన్‌లో సత్రాకు చాయ్ అంటారు. కొత్తగా చేరినవాళ్లు అదే నా పేరనుకుని సత్రాగారూ అని మర్యాదగా పిలుస్తారు. ఆఖరికి ఒకనాడు మా అమ్మ బుచ్చమ్మ, వాకిట్లోంచి లోపలికి వచ్చి, "ఎవలో సత్రా అంట, ఉన్నడా అని అడుగుతున్రు, నువ్వేనారా?" అంది. నేనే అన్నాను. ముప్పై ఆరేళ్లు భిక్షపతిగా బతికినవాడిని, ఏం చెప్పను మరి.

మసీదులోంచి అజాన్ మొదలైంది. అది అయిపోయేలోపు ఇరవై లెక్కపెట్టగలిగితే ఇవాళ గీత దాటుతాను. ఒకటి, రెండు, మూడు. ఇరవై అయిపోయినా అజాన్ సాగుతూనే ఉంది, ముప్పై చేద్దాం, ముప్పై కూడా అయిపోయింది. చాలా తేలిక పందెం పెట్టుకున్నాను, ఇది చెల్లదు. ఎదురుగా ఉన్న కుక్క లేచి అటు పోతే దాటుతాను. అది లేవలేదు. పోనీలే, కుక్కకేం తెలుసు. మళ్లీ ఒంటేలుకు పోవాలనిపిస్తోంది, ఇది మూడోసారి, అందరికీ ఇదే గతి, గోడ దగ్గర ఒకడు రాగానే ఒకడు పోతున్నాడు, ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. లేచి నడిస్తే కాకా కంట్లో పడతాను. అదిగో, పేర్లు రాసే బల్ల దగ్గర నిలబడ్డాడు, మందపాటి అద్దాలు ముక్కు మీదికి తోసుకుంటూ, చేతిలో టీము కాగితం. వచ్చే నెల రిటైరవుతాడు. ప్రెస్సు తరఫున పద్నాలుగేళ్లు ఉరికాడు. ఒక్కసారీ పరుగు ఆపలేదు, ఒక్కసారీ ముందు వరసలో రాలేదు, నెమ్మదిగా, నీళ్ల బండిలాగా, పోయినచోటికల్లా పోయి వచ్చాడు. ఇది ఆయన ఆఖరిది. పోయినేడు ఆయన పరుగు లెక్కలోకి రాలేదు. నా వల్ల. ఏడాదిలో ఒక్కమాట అనలేదు నన్ను. అంటే బాగుండేది. ఆ రోజు మెట్ల మీద పిక్క పట్టుకుని కూర్చున్నాను. ఊడ్చే ఆమె ఒకావిడ చెంబుతో నీళ్లిచ్చింది. అప్పుడే కాకా వచ్చాడు, రోడ్డు ఆ పక్కన. నేను చెయ్యి ఎత్తాను. ఆయన ముఖం ఎందుకో బోసిగా, వేరే మనిషి ముఖంలా ఉంది, ప్రెస్సులో రోజూ చూసేది కాదు. తిన్నగా నా మీదికే చూశాడు. చూసి, ఆగకుండా, తల కూడా ఊపకుండా పోయాడు. పిక్క నొప్పి నాలుగు రోజులకు తగ్గింది. ఆ చూపు తగ్గలేదు. అందుకే ఈసారి దాటాలి. ఆయన చూస్తుండగా దాటాలి.

ఆ బూట్లు కొనకపోయినా సరిపోయేది. అసలు మొత్తం ఆ బూట్లతోనే వచ్చింది. పోయినేడు పాత బూట్ల వల్లే పిక్క పట్టిందని ఎవరో అంటే, దీపావళి ముందు తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాను. కొత్తవి కరుస్తాయి, కాలికి అలవాటు కావాలి అన్నారు. సరే అలవాటు చేద్దామని తెల్లారగట్ల అవి వేసుకుని బర్రెల కొట్టంలోకి పోయాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను కొట్టంలోకి ఉత్తకాళ్లతోనే పోయాను, మా బాపూ అంతే, తాతా అంతే. గౌరి, మా పెద్ద బర్రె, నన్ను నా కాళ్ల చప్పుడుతోనే గుర్తుపడుతుంది. చీకట్లో తెల్లగా రెండు వస్తువులు, కీచుకీచుమంటూ, తన పొదుగు వైపు వస్తుంటే అదేమనుకోవాలి? బెదిరింది. పక్కకు జరిగింది. జరిగి సరిగ్గా కుడి పాదం మీద కాలేసి, అది నేల అనుకుని, బరువంతా వేసి నిలబడింది. నేను అరుస్తున్నకొద్దీ ఇంకా బెదిరి ఇంకా గట్టిగా నిలబడింది. నా భార్య రాజమణి పరుగెత్తుకొచ్చి దాని మెడ నిమిరి పక్కకు తీసుకుపోయింది. పాదం కుండలా వాచింది. రాజమణికి ముందు కోపం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. "బర్రె కాడికి బూట్లేసుకొని పోతడా ఎవడన్న?" అని వాడకట్టు మొత్తం వినేలా అరిచింది. వాడకట్టు మొత్తం విన్నది కూడా.

పహిల్వాన్ దగ్గరికి పోయాను. మా వైపు ఎముక మీద దెబ్బ తగిలితే ముందు ఆయన దగ్గరికే పోతారు. తాలీంలో కుస్తీలు నేర్పుతాడు, పొద్దున పూట కట్లు కడతాడు. బొటనవేలితో పాదమంతా తడిమి, నేను కేక పెట్టిన చోట ఆగి, కోడిగుడ్డు సొనలో ఏదో నల్ల పొడి కలిపి పూసి, గుడ్డపట్టీలు చుట్టి, మడమ వెనక ఒక ముడి వేశాడు. ఇరవై ఒక్క రోజులు ఈ ముడి ఎవరూ ముట్టుకోవద్దు అన్నాడు. పదకొండో రోజున నేను ముట్టుకున్నాను. పందెం రెండు నెలలే ఉంది, కాలు ఊరికే పండబెడితే తుప్పు పడుతుందని నాకు నేనే చెప్పుకుని, కట్టు విప్పి మూడు కిలోమీటర్లు ఉరికి వచ్చాను. బానే ఉందనిపించింది. మళ్లీ రాజమణి చేత కట్టించుకున్నాను. ఆమె కూడా మడమ వెనకే, అలాగే ముడి వేసింది, ఏ తేడా లేదు అనుకున్నాం ఇద్దరం. పదిహేనో రోజు చూపించడానికి పోతే పహిల్వాన్ పాదం చూడలేదు, ముడి చూశాడు. "యే గాంఠ్ మేరీ నై" అన్నాడు. ఈ ముడి నాది కాదు అని. గట్టిగా కూడా అనలేదు. కుస్తీ పట్టే మనిషి, ఒక్క చేత్తో నన్ను ఎత్తి బయట పారేయగలడు, ఆ పని చేసినా బాగుండేది. ఇంకో పిల్లాడి చెయ్యి చూడటానికి అటు తిరిగాడు. నేను లేచి వచ్చాను. ఆ తరవాత ఆ గల్లీ వైపే పోలేదు.

తరవాత ఐదు ఉరికాను, ఎనిమిది ఉరికాను. రెండు వారాల కిందట పన్నెండు. పన్నెండులో ఆఖరి రెండూ ఉరికానో ఈడ్చుకుంటూ వచ్చానో నాకు తెలుసు, దబీర్‌పురా స్టేషన్ పక్క రోడ్డుకు తెలుసు. ఆ రోజే మధ్యాహ్నం కాకా సెక్షన్‌లోకి వచ్చి, "భిక్షపతీ, ఎంత దూరం ఉరికినవురా ఇప్పటికి?" అని అడిగాడు. ఆ పేరుతో పిలిచేవాడు ప్రెస్సులో ఆయనొక్కడే మిగిలాడు. పద్దెనిమిది కాకా, అన్నాను. ఎందుకు పద్దెనిమిది? పదిహేడు కంటే ఒకటి ఎక్కువ కదా, నోటికొచ్చేసింది. ఆయన తలూపి, కాగితం మీద నా పేరు రాసుకున్నాడు. పక్క బల్ల మీద పుస్తకాల ఫారాలు కుడుతున్న రాహేలు విన్నది. మా సెక్షన్‌లో ఇరవై ఏళ్లుగా కుడుతోంది ఆమె, ఆమె వేసిన ముడి విప్పాలంటే పుస్తకం చింపాలి. నిన్న సాయంత్రం నా బనీను, నంబరు గుడ్డ అడిగి తీసుకుంది. పోయినేడు పిన్నులు ఊడి ఛాతీలో గుచ్చుకున్నాయని నేను ఎప్పుడో అన్న మాట గుర్తు పెట్టుకుంది. మైనం రుద్దిన దారంతో, ఫారాలు కుట్టినట్టే, నాలుగు వైపులా కుట్టి ఇచ్చింది. "గిప్పుడు ఊడమను చూస్త. నువ్వు గీత దాటేదాకా నేను ప్రార్థన చేస్తనే ఉంట, భిక్షపతన్నా" అంది. చద్దరు కింద చెయ్యి పెట్టి తడుముకున్నాను. అరవై మూడు. అంచు వెంట కుట్లు చిన్న చిన్న గింజల్లా తగులుతున్నాయి. ఆమె చర్చికి పోయే వేళకు నేను ఎక్కడ ఉంటాను? ట్యాంక్‌బండ్ మీదా? పోస్టాఫీసు మెట్ల మీదా?

మైకు గరగరమంది. టీముల్లో పేర్ల మార్పులుంటే ఆరుంబావు లోపల బల్ల దగ్గర చెప్పాలి, తరవాత వినేది లేదు, అన్నారు. ముందు తెలుగులో, తరవాత ఉర్దూలో. రెండు భాషల్లోనూ నాకే చెప్పినట్టుంది. గడియారంలో ఐదూ యాభై ఎనిమిది. మార్పుకు మా దగ్గర మనిషి ఉన్నాడు, అదే గొడవ. లేకపోతే బాగుండేది, లేకపోతే కాలు ఎలా ఉన్నా నేనే పోవాలి, ఆలోచించే పనే లేదు. అంజన్న. ఇరవై మూడేళ్లు. ఆరు నెలల కింద చేరాడు, ఫలక్‌నుమా వైపు నుంచి రైల్లో వస్తాడు. టీములో పేరు లేకపోయినా బూట్లు గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు, అక్కడ గుండయ్య పక్కన మోకాళ్లు వంచి లేస్తున్నాడు, ఒక్కో కాలు లేగదూడ కాలులా ఎగిరెగిరి పడుతోంది. వాడిని చూస్తే మంట. వాడేం చేశాడు పాపం. ఏం చేయలేదు, వయసు మాత్రం ఉంది. ఇటు వస్తున్నాడు. రెండు చాయ్ గ్లాసులు. నా దగ్గరికే.

"తాగన్నా, వేడిగుంది."

తాగాను. వాడు నా ముఖం చూడకుండా నా బూట్ల వైపు చూశాడు. "కాలెట్లుందన్నా?" అన్నాడు.

"కాలుకేమయింది? మంచిగనే ఉంది."

వాడు గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పాడు. "మొన్న మొన్న నేను దబీర్‌పురల రైలు దిగినప్పుడు, నువ్వు కట్ట పక్కపొంటి వస్తుంటివి. నిలవడి కాలు పట్టుకుంటివి. మల్ల రెండడుగులేస్తివి, మల్ల నిలవడితివి. నేను దగ్గరికి రాలే, నీకు మంచిగనిపియ్యదని." గ్లాసులోకి చూస్తూ, "ఎవ్వలికి చెప్పలే. నువ్వే చెప్తవనుకున్న" అన్నాడు. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని హోటల్ వైపు పోయాడు.

వీడు చెప్పి ఉంటే బాగుండేది. కాకా నన్ను పిలిచి తిట్టి పేరు కొట్టేసి ఉంటే, నేను లొల్లి చేసి, అలిగి, ఇంట్లో చద్దరు ముసుగేసుకుని పడుకుని ఉండేవాణ్ణి, తప్పు నాది కాకుండా పోయేది. అందరూ నన్నే చెప్పమంటున్నారు. పొద్దున రాజమణి కూడా అంతే. నన్ను పాలు పిండనివ్వలేదు, కొట్టంలోంచే మాట్లాడింది. "ఉరుకుతె ఉరుకు. గని చేతగాదనిపిస్తె ఎవలకన్న చెప్పు. బర్రెకు జెప్పినా సరే, లోపట పెట్టుకోకు." నవ్వాను అప్పుడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎందుకు చెప్పాలి? నా కాలు, నా నంబరు. పోయినేడు పన్నెండు దాకా ఏ నొప్పీ లేదు, పదిహేడులో పట్టింది. ఈసారి పన్నెండులో నొప్పి ఉంది, ఏమో, పదిహేడుకు పోతుందేమో, ఎవరికి తెలుసు, కాలు వేడెక్కితే నొప్పి తెలియదంటారు. ఎవరంటారు? ఎవరో అంటారు. పరీక్షిద్దాం. గుల్జార్ హౌజ్ దాకా ఉరికి వస్తాను. ఇక్కడి నుంచి కమాన్ల మధ్య ఆ నీళ్ల తొట్టి దాకా, ఎంత, రెండు వందల అడుగులు వేస్తే వస్తుంది. కుంటకుండా వస్తే ఉరుకుతాను, కుంటితే చెప్తాను. ఇదే ఆఖరి పందెం, కుక్కా అజానూ లేవు ఇందులో.

చద్దరు తీసి అరుగు మీద పెట్టి లేచాను. ఆరూ ఐదు. మెల్లగా మొదలుపెట్టాను, మోకాళ్లు కొంచెం వంచి, పాదాలు నేలకు దగ్గరగా. నాకు పరుగు నేర్పింది ఏ మాస్టరూ కాదు, మా బాపు దుర్గయ్య. బడికి పోయే ముందు రెండు క్యాన్ల పాలు చెరో చేతిలో పట్టుకుని మీరాలం మండీ ఇళ్లకు ఉరికేవాణ్ణి. "పాలు కదలొద్దు. నువ్వు ఉరుకుతున్నవని పాలకు తెల్వొద్దు" అనేవాడు బాపు. మూత తీస్తే నురగ లేస్తే ఒక మొట్టికాయ. ఏడాదికి నేర్చుకున్నాను. నడుము పైన ఏదీ కదలకుండా, కింద కాళ్లు మాత్రమే పోవాలి. ప్రెస్సు మైదానంలో కాకా నన్ను మొదటిసారి చూసి, వీడు ఉరుకుతుంటే తల మీద నీళ్ల గ్లాసు పెట్టొచ్చు అన్నది ఆ పరుగునే. గుల్జార్ హౌజ్ దాకా పోయాను, అదే పరుగు, అహా, ఉంది ఇంకా, పోలేదు. తొట్టి చుట్టూ తిరిగాను. తిరిగేటప్పుడు బరువు కుడి పాదం మీద పడింది. తిరిగి వచ్చేటప్పుడు పక్కన మూసి ఉన్న దుకాణాల షట్టర్ల మీద నా నీడ నాతో పాటు వస్తోంది, ఆ నీడ తల చూశాను. ఎగిరి పడుతోంది. పైకి, కిందికి, పైకి, కిందికి, కుడి కాలు పడ్డప్పుడల్లా పక్కకు ఒరిగి. బాపు ఉంటే మూత తీసి చూడక్కర్లేదు. రెండు వందల అడుగులకే సగం పాలు రోడ్డు మీద పోశాను. ఇంకా ఇరవై ఒక్క కిలోమీటర్లు. నొప్పి. నొప్పి, నొప్పి, నొప్పి. అన్నాను, ఏమయింది, ఆకాశమేం పడిపోలేదు. నాకు చచ్చేంత భయంగా ఉంది. కాలు విరుగుతుందని కాదు. మళ్లీ అవే మెట్ల మీద కూర్చుంటానని, మళ్లీ ఆయన చూసి వెళ్లిపోతాడని, ఈసారి అలా వెళ్లిపోవడమే న్యాయమని.

ఆరూ పది. బల్ల దగ్గరికి ఎలా నడిచానో తెలియదు. గుండయ్య ముందు చూశాడు. "ఏం సత్రా భాయ్, ఇయ్యాల అఠారా చేస్తవా?" అన్నాడు. అఠారా అంటే పద్దెనిమిది. కాకా ముందు నిలబడ్డాను. చెప్పాల్సినదంతా దారిలో కూర్చుకున్నాను, బర్రెతో మొదలుపెట్టి, పహిల్వాన్, కట్టు, అంతా. నోరు తెరిస్తే తోకే ముందొచ్చింది.

"పద్దెనిమిది అబద్ధం, కాకా. పన్నెండే ఉరికిన. అండ్ల గూడ రెండు కుంటిన. అంజన్న పేరు రాయున్రి."

కాకా కాగితం మీంచి తలెత్తాడు. అద్దాల వెనక కళ్లు చిన్నవిగా, రెప్ప వేయకుండా ఉన్నాయి. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా గడియారం వైపు చూపించి, మూడు నిమిషాలు అన్నాడు.

"రెండు వారాల సంది చెప్పాలనిపియ్యలేదా నీకు?" అన్నాడు కాకా.

"అనిపిచ్చింది. చెప్పలే."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవు?"

"మీది ఆఖరిది గద, కాకా."

ఆయన నా పేరు మీద గీత కొట్టి అంజన్న పేరు రాశాడు. కలం గుచ్చి రాశాడు, కాగితం చిరిగినంత పని అయింది. నంబరు మారదు, అదే గుడ్డ తగిలించుకోండి అన్నాడు గుమాస్తా. గుండయ్య నా ఛాతీ మీది గుడ్డ పట్టుకుని లాగాడు, రాలేదు. గోటితో కుట్టు పీకబోయాడు, రాలేదు. వంగి పళ్లతో దారం కొరికాడు, ఇద్దరి ముఖాలూ చూసి పక్క టీము వాళ్లు నవ్వారు. "రాహేలు కుట్టిందా?" అని అడిగాడు. అవునన్నాను. "అయితె కుట్టు వదలదు, బనీన్ ఇడువు" అన్నాడు. విడిచాను. చలి ఒక్కసారిగా ఒంటిని పట్టుకుంది. నా ఒంటి వేడి మీద ఉన్న బనీను అంజన్న వేసుకున్నాడు, వాడికి భుజాల దగ్గర వదులు. వాడు నా ముఖం చూడలేకపోయాడు, కిందికి వంగి లేసులు మళ్లీ కట్టుకున్నాడు, కట్టినవే. గుండయ్య పోయి అరుగు మీద నుంచి నా చద్దరు తెచ్చి కప్పాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఏమీ అనలేదు. వాడు నోరు మూసుకోవడం ఏడాదిలో నేను చూసిన మొదటిసారి అదే.

ఆరూ ఇరవై ఐదు. అందరూ గీత దగ్గరికి జరుగుతున్నారు. తెల్లబడుతోంది, పావురాలు లేచి మినార్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్లీ కూర్చున్నాయి. చూసేవాళ్లను ఆపడానికి కట్టిన తాడు ఇవతల నిలబడ్డాను, ఇక ఏ వేలూ కదిపి చూడాల్సిన పని లేదు. రాహేలుకు ఏం చెప్పాలి, ప్రార్థన వేరేవాడికి పోయిందని చెప్పాలా? రేపటి నుంచి నా పేరు ఏమిటి? పదిహేడు కూడా కాదు, సున్నా. సిఫర్ భాయ్. అప్పుడు కాకా గుంపులోంచి వెనక్కి వచ్చాడు. తిట్టడానికే అనుకున్నాను. తిట్టనీ. ఆయన అద్దాలు తీసి, బనీను అంచుతో తుడిచి, మడిచి నా ముందు పట్టాడు.

"పట్టు. జాగ్రత్త. చెమటకు జారుతయి, ఉరికెటప్పుడు పెట్టుకోను. ఏటేట మా ఇంటామె పట్టుకునేది, ఆమెకు జరమొచ్చింది ఇయ్యాల."

నేను ఆయన ముఖం చూశాను. బోసిగా, వేరే మనిషి ముఖంలా ఉంది. ముక్కు రెండు వైపులా అద్దాలు నొక్కిన గుంటలు. కళ్లు తిన్నగా నా మీదే ఉన్నాయి, నా మీద లేవు.

"అవి లేకుంటె మీకు ఎంత దూరం కనవడ్తది, కాకా?"

"ఏం కనవడ్తదిరా, మబ్బు మబ్బు. పది అడుగులవతల మనిషో స్తంభమో తెల్వది. ముందటోని కాళ్ల సప్పుడు పట్టుకొని పోతనే ఉంట." ముక్కు మీది గుంటలు వేళ్లతో రుద్దుకున్నాడు. "పోయినేడు నువ్వు ఏడ కూసున్నవో గూడ నాకు ఎరుకలే. ఈడికొచ్చినంక చెప్పిన్రు. నువ్వు ముందటనే ఉన్నవనుకొని మస్తు జోరుగ ఉరికిన."

తుపాకీ పేలింది. పావురాలన్నీ మళ్లీ లేచాయి. కాకా తిరిగి గుంపులో కలిశాడు, అంజన్న వీపు, గుండయ్య బట్టతల, నూటయాభై జతల బూట్ల చప్పుడు కమాన్ల కింద నుంచి పోయి పోయి సన్నబడింది. నేను అద్దాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చూడని మనిషి చూసిన చూపు ఏడాది పాటు మోశాను. ఆయనేమో నేను ముందున్నానని ఉరికాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం వచ్చాయి, చాయ్ హోటల్ వాడు చూస్తున్నాడని చద్దరుతో ముఖం తుడుచుకున్నాను.

ఇక్కడి నుంచి ఆబిడ్స్ నాలుగు కిలోమీటర్లు. కాకా నడక నాకు తెలుసు, పదిహేడు దగ్గరికి రావడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఎంత మెల్లగా పోయినా నేను ముందే పోతాను. అద్దాలు చద్దరు కొంగులో ముడేసి, బూట్లు విప్పి చేత పట్టుకుని, ఉత్తకాళ్లతో నడవడం మొదలుపెట్టాను. రాయి చల్లగా ఉంది, పాదానికి హాయిగా కూడా ఉంది, కుంటుతున్నాను, కుంటనీ. నయాపూల్ మీద ఎండ పడింది. మెట్ల దగ్గర ఆ ఊడ్చే ఆమె ఉంటే చెంబు అడగాలి, లేకపోతే ఎక్కడన్నా నీళ్లు సంపాదించాలి. అంజన్న ముందొస్తాడు, వాడికి కళ్లున్నాయి, నన్ను చూస్తాడు. తరవాత గుండయ్య. ఆ తరవాత కాకా వస్తాడు, మబ్బులో, ముందు వాడి కాళ్ల చప్పుడు పట్టుకుని. చెయ్యి ఎత్తితే కనపడదు. అరవాలి. గొంతు బాగుంది నాకు, పాలు పోస్తూ గల్లీ ఆ చివరికి వినపడేలా అరిచినవాణ్ణి. ఏమని అరవాలో దారంతా అనుకుంటూనే పోయాను: కాకా, నేను భిక్షపతిని, ఇది పదిహేడు, ఇంక నాలుగే ఉంది.